వెనక మెట్లు

ఫిబ్రవరి 3, సోమవారం

పెద్ద మేడం ఈ రోజు నన్ను తన గదికి పిలిచి, కుర్చీ చూపించి మరీ కూర్చోమంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటుంది. మా హెడ్మిస్ట్రెస్ కుర్చీ చూపించిందంటే అది మంచి వార్త కాదు. మంచి వార్తలన్నీ వరండాలో నడుస్తూనే చెప్పేస్తుంది.

ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలందరికీ నా సబ్జెక్టు తప్పనిసరి. తొమ్మిదిలో ఎంచుకున్నవాళ్లకే. మార్చిలో ఎనిమిదో తరగతి వాళ్లు ఎంచుకుంటారు. ఈసారి ఇరవై మంది రాకపోతే తొమ్మిది, పది తరగతుల్లో నా పీరియడ్లన్నీ కంప్యూటర్ సారుకు వెళ్తాయట. నాకు మిగిలేది చిన్న క్లాసులు, లైబ్రరీ తాళాలు. పోయినేడు వచ్చింది పద్నాలుగు మంది. అందులో ఒకడు గడి తప్పి టిక్కు పెట్టాడని తర్వాత తెలిసింది. వాణ్ణి నేను వదల్లేదనుకోండి. (అనుకోండి అని ఎవరికి రాస్తున్నానో.)

"కొంచెం ప్రచారం చేసుకోండి మేడం. పరాయి భాష ఎందుకు నేర్చుకోవాలో పిల్లలకీ తెలియాలి, వాళ్ల అమ్మానాన్నలకీ తెలియాలి కదా," అంది.

ఇంతకాలం పాఠం చెప్పుకుని బతికాను, ఇప్పుడు ఓట్లడుక్కోవాలి.

ఫిబ్రవరి 4

ఉపన్యాసం తయారైంది. పరాయి భాష నేర్చుకుంటే జ్ఞాపకశక్తి పెరుగుతుంది. ఉద్యోగాలొస్తాయి. ప్రపంచం మీ గుమ్మంలోకి వస్తుంది. ఈ మూడో మాట నాకు బాగా నచ్చింది.

మా పిడుగు ముందు చదివాను. పిడుగంటే మా అమ్మాయే, మా బళ్లోనే ఎనిమిది చదువుతోంది. నా క్లాసులో రెండో వరసలో కూర్చుంటుంది. ఇంట్లో దాని నోటికి తాళం వేయలేం, నా క్లాసులో మాత్రం పెదవి విప్పదు. క్రమశిక్షణ అంటే అదీ.

మొత్తం విని, "అమ్మా, నువ్వు ఆ భాషలో ఎవరితోనైనా నిజంగా మాట్లాడావా?" అంది.

"రోజూ నాలుగు పీరియడ్లు మాట్లాడుతున్నాను కదే."

"మాతో కాదు. ఆ భాష వాళ్లతో."

పొయ్యి మీద పాలు ఉన్నాయని లేచాను.

ఫిబ్రవరి 8, శనివారం

పాలు లేవు ఆ రోజు పొయ్యి మీద. ఇక్కడ రాసుకుంటే ఎవరు చూడొచ్చారు.

బళ్లో అందరూ నన్ను ఫారిన్ మేడం అంటారు. ఈ ఫారిన్ మేడం ఏ ఫారినూ చూడలేదు. చదువుకున్నది పుస్తకాల్లో, విన్నది రికార్డింగులో. పాఠం రికార్డింగులో ఒక పెద్దమనిషి ఉంటాడు. ఆయన చెప్పే ప్రతి అక్షరం నాకర్థమవుతుంది. ఎందుకు కాదు, ఎప్పుడు పెట్టినా ఆయన అదే హోటల్లో అదే గుమాస్తాని కిటికీ ఉన్న గది ఇమ్మని అడుగుతుంటాడు. నా చేతి కింద చదివిన పిల్లలందరూ ఆ గది అడగగలరు.

అయినా నా వ్యాకరణంలో ఈ చుట్టుపక్కల ఎవరైనా ఒక్క తప్పు పట్టమనండి.

ఫిబ్రవరి 12

మోకాలు మళ్లీ నొప్పిగా ఉంది. బడి నుంచి వచ్చి మా ఇంటి వెనక మెట్ల మీదుగా ఎక్కాను. వెనక మెట్లు ఎత్తు తక్కువ, గాలి కూడా బాగా వస్తుంది.

ఫిబ్రవరి 13

ఈయనకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. అక్కడి నుంచి మధ్యాహ్నం ఫోను చేశారు, నేను ఎత్తలేదు. క్లాసులో ఉన్నాను. క్లాసు అప్పుడే అయిపోయింది గానీ సామాన్లు సర్దుకుంటున్నాను.

రాత్రి భోజనాల దగ్గర అడిగారు. "మన పై వాటాలో కొత్తగా దిగినావిడ దుకాణానికొచ్చింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఇద్దరం చేతులూపుకుంటూ అరగంట నిలబడ్డాం. మనింట్లో పండితురాలుంది కదా అని నీకు చేశాను. ఎత్తవేం?"

"ఆవిడది ఏ భాషో నాకేం తెలుసు."

"నీ భాషేనట అమ్మా," అంది పిడుగు. "వాళ్లాయన ఫ్యాక్టరీలో ఇంజనీరు. పేరు ప్లేటు మీదే రాసుంది."

"నువ్వు చూడలేదా?" అన్నారు ఈయన.

నేను వెనక మెట్లే ఎక్కుతున్నాను, పేరు ప్లేటు నాకెలా కనిపిస్తుంది. అదే చెప్పాను. ఈయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. కోపమొచ్చినా నవ్వొచ్చినా ఈయన చేసే పని అదొక్కటే, ఏదొచ్చిందో మనమే కనుక్కోవాలి.

ఫిబ్రవరి 19

ఎనిమిదో తరగతి తల్లిదండ్రుల సమావేశంలో ఉపన్యాసం ఇచ్చాను. చెవిటివాడి ముందు శంఖమూదినట్టయింది. చివర్లో ఒకాయన చెయ్యెత్తి, "మా అమ్మాయి మూడేళ్ల నుంచి మీ దగ్గర చదువుతోంది మేడం. మార్కులు బాగానే వస్తున్నాయి. కానీ ఏదైనా మాట్లాడవే అంటే భయపడుతుంది. ఎందుకంటారు?" అని అడిగాడు.

అభ్యాసం లేక అన్నాను.

నా క్లాసు బళ్లోకెల్లా నిశ్శబ్దంగా ఉండే క్లాసు. ముందు వాక్యాన్ని మనసులో సరిచూసుకోవాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి, అదీ నా పద్ధతి. తనిఖీ అధికారులు వస్తే పెద్ద మేడం ముందు నా గదికే తీసుకొస్తుంది. కంప్యూటర్ సారు క్లాసు చూడండి, సంతే. ఆయన మంచివాడే, ఆయన మీద నాకేం లేదు. పొద్దున ఎదురుపడి, "మేడం, మీ పీరియడ్లు నాకొద్దని చెప్పాను, వినట్లేదు," అన్నాడు. మంచివాడు కాకపోయినా బాగుండేది, కడుపునిండా తిట్టుకునేదాన్ని.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఏం రాయాలో తెలియడం లేదు. ఉన్నదున్నట్టు రాస్తాను.

సాయంత్రం కూరగాయల సంచీతో వస్తుంటే ముందు మెట్ల దగ్గర మాటలు వినిపించాయి. పై ఆవిడ రోజూ ఆ వేళకు మూడో మెట్టు మీద కూర్చుంటుందని నాకు తెలుసు. (తెలుసు. మోకాలి నొప్పి సంగతి కూడా నాకు తెలుసు.) వెనక్కి తిరిగి పోయేదాన్నే, కానీ రెండో గొంతు మా పిడుగుది.

ఆ భాషలో మాట్లాడుతోంది. నా క్లాసులో నోరు విప్పని పిల్ల, గలగలా మాట్లాడుతోంది. తలుపు చాటున నిలబడి విన్నాను. మా పిల్లి కథ చెబుతోంది, అది నీళ్ల డ్రమ్ములో పడ్డ సంగతి. తెలియని మాట వచ్చినచోట చెయ్యి తిప్పుతుంది, మ్యావ్ అంటుంది, పడిపోయినట్టు నటిస్తుంది. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

నేను సంతోషించానా? లేదు. తప్పులు వింటున్నాను. మాటకో తప్పు. నేను నేర్పినవన్నీ తలకిందులు చేసి, ఇష్టమొచ్చినట్టు అతికించి మాట్లాడుతోంది. నా వేళ్లు ఎర్ర కలం కోసం వెతికాయంటే నమ్మాలి.

రాత్రి అన్నం తింటుంటే ఆ తప్పులన్నీ ఒక్కొక్కటిగా దానికి చెప్పాను. దాని మంచికే. పరాయివాళ్ల ముందు నవ్వులపాలు కాకూడదని. అది కంచంలోకి చూస్తూ విన్నది. తర్వాత, "నువ్వు దాక్కుని విన్నావా?" అంది.

దొంగకు తేలు కుట్టినట్టయింది.

ఫిబ్రవరి 26

పిడుగు ముందు మెట్ల మీద కూర్చోవడం లేదు. పరీక్షలు దగ్గరికొస్తున్నాయి కదా, అందుకని.

మార్చి 1, శనివారం

సాయంత్రం తలుపు గంట మోగింది. కన్నంలోంచి చూశాను. పై ఆవిడ. చేతిలో బిస్కెట్ల డబ్బా. జుట్టు సర్దుకుని, గొంతు సవరించుకుని, నేను కాలేజీ రోజుల్లో వైవా పరీక్షకి వెళ్లినట్టు నిలబడి ఉంది. పిడుగు ఇంట్లో లేదు. నేనున్నాను.

తలుపు తియ్యలేదు. తడి చేతులు.

మార్చి 2

చేతులు తడిగా ఏమీ లేవు. తలుపు తీసి "రండి" అనడానికి ఎన్ని మాటలు కావాలి? ఆ మాట నాకు పదకొండు రకాలుగా వచ్చు, ఏ రకం ఎప్పుడు వాడాలో కూడా వచ్చు. కన్నానికి కన్ను ఆనించి, నా వాక్యం మనసులో సరిచూసుకుంటూ నిలబడ్డాను. సరిచూసుకోవడం అయ్యేలోపు ఆవిడ వెళ్లిపోయింది.

మార్చి 6, గురువారం

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

బడి నుంచి వచ్చేసరికి వంటింటి పైకప్పు చెమ్మగా ఉంది. చూస్తుండగానే చుక్కలు మొదలయ్యాయి, కాసేపటికి ధార. బకెట్టు పెట్టాను, గిన్నె పెట్టాను, పప్పు కుక్కరు కూడా పెట్టాను. ఈయన దుకాణంలో, పిడుగు ట్యూషన్లో. నేనూ పైకప్పూ.

అప్పుడు తలుపు బాదడం మొదలైంది. ఈసారి కన్నంలోంచి చూడలేదు, చూసే వ్యవధి లేదు. పై ఆవిడ నిలువునా తడిసి ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. ఒక్క ఉదుటున చెప్పుకుపోయింది. ఇరవై ఏళ్లుగా ఆ భాష చదివి, చెప్పి, దిద్దిన దాన్ని, నాకు అందులో అర్థమైంది "నీళ్లు" అన్న మాటొక్కటే. రికార్డింగు పెద్దమనిషి అంత గాభరాగా ఎప్పుడూ మాట్లాడలేదు మరి.

ఏదో ఒకటి అనాలి. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. చివరికి నా నోట్లోంచి ఒక వాక్యం వచ్చింది, పొల్లు పోకుండా, తడబాటు లేకుండా, ఒక్క తప్పు లేకుండా:

"దయచేసి నాకు కిటికీ ఉన్న గది ఒకటి ఇప్పించగలరా?"

ఆవిడ ఆగిపోయింది. మోచేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. నా వైపు చూసింది, లోపల పప్పు కుక్కర్లో పడుతున్న ధార వైపు చూసింది. తర్వాత గోడకు చేరగిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నేను సిగ్గుతో చచ్చిపోవాలి నిజానికి. చావలేదు. నాకూ నవ్వొచ్చింది.

ఇక అంతకంటే పోయే పరువు లేదు కాబట్టి నోరు దానంతటదే తెరుచుకుంది. పైపు, మూసే చోటు, రా, నేను చూపిస్తా. వాక్యం కాదది, కూరగాయల సంచీ. ఆవిడకు అర్థమైంది. పై వాటా నీళ్లు ఆపే వాల్వు వెనక మెట్ల పక్కన, మోటారు గదిలో ఉంది. ఇన్నాళ్లూ ఆ దారినే తిరిగాను కాబట్టి కళ్లు మూసుకుని వెళ్లగలను. ఇద్దరం కలిసి తిప్పితే గానీ తిరగలేదు, అంత తుప్పు.

తర్వాత పైకి వెళ్లి గుడ్డలతో నీళ్లు తోడాం. బట్టలుతికే యంత్రం గొట్టం ఊడిందట. తోడుతూ మాట్లాడుకున్నాం. ఆవిడ నెమ్మదిగా చెప్పింది, నేను సగం పట్టుకున్నాను, మిగతా సగం మళ్లీ అడిగాను. మళ్లీ అడగొచ్చని నాకు ఇంతకాలం తెలియదు.

భర్త పొద్దున వెళ్తే రాత్రికి వస్తాడట. పగలంతా ఒక్కతే. దుకాణాల్లో వేలు చూపించి కొనుక్కోవడం. తన గొంతు మర్చిపోకుండా ఉండాలని కొన్నిసార్లు వంట చేస్తూ పైకి మాట్లాడుకుంటుందట. గుడ్డ పిండుతూ పిండుతూ ఆపి అడిగింది, మన మాటల్లో రాస్తే ఇది:

"ఈ ఊళ్లో నాతో మాట్లాడింది మీ అమ్మాయి ఒక్కతే. ఇప్పుడు తనూ రావడం మానేసింది. నేనేమైనా తప్పు చేశానా?"

చేతిలోని గుడ్డ బకెట్లో పడేశాను.

"మీరు కాదు. నేను," అన్నాను.

మార్చి 7

పొద్దున పిడుగుతో అన్నాను. "పై ఆంటీ నిన్ను అడిగింది. సాయంత్రం వెళ్లు."

"నువ్వు వింటావా?"

"వినను."

నమ్మలేదు. కానీ వెళ్లింది.

మార్చి 15, శనివారం

ఎంపిక రోజు. హాల్లో ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో బల్ల. కంప్యూటర్ సారు బల్ల మీద రంగురంగుల తెర, ఏవో బొమ్మలు ఎగురుతున్నాయి. జనం ఎగబడ్డారు. నేను మాత్రం తెచ్చిన చార్టులు విప్పనే లేదు. బల్ల వెనక పై ఆవిడను కూర్చోబెట్టి, పక్కన రెండు ఖాళీ కుర్చీలు వేశాను. "ఈవిడకు మన భాష రాదు. ఏదైనా అడగండి, ఎలాగైనా అడగండి," అన్నాను.

చాలాసేపు ఎవరూ రాలేదు. పెద్ద మేడం అటుగా పోతూ కనుబొమలెత్తింది. అలా కాదని నేనే మొదలుపెట్టాను. పిల్లల ముందు, ఆవిడతో, మనసులో సరిచూసుకోకుండా. రెండో వాక్యంలోనే తప్పు దొర్లింది. రెండో వరస, మూడో వరస పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు తెలిసిపోయింది మరి, నేర్పింది నేనే కదా. "మేడం తప్పు," అని ఎవరో గొణిగారు.

"అవును, తప్పే. ఆవిడకు అర్థమైందో లేదో అడుగు," అన్నాను.

అప్పుడు చివరి బెంచీ పిల్ల ఒకతె వచ్చి కుర్చీలో కూర్చుంది. ఏడాది మొత్తంలో దాని గొంతు నేను హాజరులో తప్ప వినలేదు. వేళ్లు నలుపుకుంటూ, ముక్కలు ముక్కలుగా, "ఇక్కడ మీకు ఏది బాగోలేదు?" అని అడిగింది. నేనైతే అలాంటి ప్రశ్న అడగొద్దని చెప్పేదాన్ని, అతిథిని అలా అడుగుతారా.

పై ఆవిడ ఆలోచించి, "ఆదివారాలు," అంది.

"నాకూ అంతే," అంది చివరి బెంచీ పిల్ల.

ఆ తర్వాత కుర్చీలు ఖాళీ అవ్వలేదు. ఒక తండ్రి నా దగ్గరికొచ్చి అందరూ అడిగేదే అడిగాడు, దీనివల్ల ఉపయోగమేంటండీ అని. ఉపన్యాసం నాలుక మీదే ఉంది. జ్ఞాపకశక్తి, ఉద్యోగాలు, ప్రపంచం. అది మింగేసి, "మా పై వాటాలో ఈవిడ వారాల తరబడి ఒంటరిగా ఉంది సార్. భాష వచ్చిన నేను తలుపు తియ్యలేదు. సరిగ్గా రాని మా అమ్మాయి మాట్లాడింది. మీ వాణ్ణి పంపితే తలుపు తియ్యడం నేర్పుతాను. నేనూ ఇప్పుడే నేర్చుకుంటున్నాను," అన్నాను.

ఆయన కొడుకు వైపు తిరిగి, "నీ ఇష్టంరా," అన్నాడు.

మార్చి 17, సోమవారం

పంతొమ్మిది.

పెద్ద మేడం ఈసారీ కుర్చీ చూపించింది. "ఒక్కరు మేడం. కాగితం మార్చుకోవడానికి వచ్చే సోమవారం దాకా గడువుంది." బల్ల మీద పెన్ను సర్దుతూ, "మీ అమ్మాయి కంప్యూటర్ పెట్టింది," అంది.

నాకు తెలియదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చలో పంతొమ్మిది మందిని గెలిచి ఇంట్లో ఓడాను.

ఏడుపొచ్చింది. స్టాఫ్ రూములో ఎవరూ లేరు గనక ఏడ్చాను.

మార్చి 18

పిడుగే అడిగింది, కంప్యూటర్ సారు చెప్పాడట. "ఒక్కరే తక్కువంట కదా. నన్ను మార్చమంటావా?"

"నీకెందుకు వద్దనిపించింది?"

"భాష వద్దని కాదు. క్లాసులో నువ్వుంటావు కదా. నా తప్పులు లెక్కపెడతావు."

"ఇక పెట్టనులే."

"పెడతావమ్మా."

అబద్ధమాడదామనుకున్నాను. "పెడతాను," అన్నాను. "వినిపించకుండా పెట్టుకోవడం నేర్చుకుంటాను. నీ కాగితం నీ ఇష్టం. నేనడగను."

"అడగవా?"

"అడగను."

అడగాలని ఎంతుందో ఇక్కడ రాసుకుంటున్నాను.

మార్చి 20

అడగలేదు.

మార్చి 22

అడగలేదు. ఈయన "నేనడగనా?" అన్నారు. మీ కళ్లజోళ్లు మీరు చూసుకోండన్నాను.

మార్చి 23, ఆదివారం

పై ఆవిడ మమ్మల్ని టీకి పిలిచింది, నన్నూ పిడుగునూ. ముందు మెట్లే ఎక్కాం.

పిడుగు నన్ను ఎదురుగా కాకుండా పక్కన కూర్చోబెట్టింది, మొహం కనిపించకూడదని కాబోలు. మొదటి తప్పు వినగానే నా నోరు తెరుచుకుంది. బిస్కెట్టు పెట్టి మూశాను. రెండో తప్పుకు ఇంకో బిస్కెట్టు. డబ్బా సగమయ్యేసరికి అలవాటైంది.

మాటల్లో మాటగా పై ఆవిడ పిడుగును, క్లాసులో నువ్వెందుకు మాట్లాడవు అని అడిగింది. నేను లేచి కప్పులు లోపల పెట్టి వద్దామనుకున్నాను. పిడుగు నా చెయ్యి పట్టుకుని ఆపింది. నా వైపు చూడకుండా ఆవిడతోనే చెప్పింది, ఆ భాషలోనే:

"అమ్మంటే నాకు భయం. క్లాసులోనే కాదు. ఇంట్లో కూడా. అమ్మ బాధపడుతుంది, అందుకని మా భాషలో చెప్పలేను."

నా కడుపున పుట్టి పద్నాలుగేళ్లు నా పక్కలో పడుకున్న పిల్ల. సొంత భాషలో చెప్పలేనిది, అరకొరగా వచ్చిన పరాయి భాషలో చెప్పింది. మా భాషలో దొరకని చోటు దానికి అందులోనే దొరికింది కాబోలు. ఆ వాక్యాల్లో తప్పులున్నాయి. ఎన్నో నాకు తెలియదు, నేను వినలేదు.

"నాకూ భయమే," అన్నాను. అదే భాషలో. ఒప్పో తప్పో చూసుకోలేదు. పై ఆవిడ లేచి కప్పులు తనే తీసుకెళ్లింది, చాలాసేపు రాలేదు.

మార్చి 24, సోమవారం

పిడుగు నాకంటే ముందే బడికి వెళ్లింది. మధ్యాహ్నం పెద్ద మేడం వరండాలో నడుస్తూనే, ఆగకుండా, "ఇరవై అయ్యారు మేడం," అనేసి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక చెప్పులు కూడా విడవకుండా అడిగాను. "నా కోసం మార్చావా? నా ఉద్యోగం కోసమైతే వద్దు."

పిడుగు పుస్తకంలోంచి తలెత్తలేదు.

"నీ ఉద్యోగం కోసం కాదులే. నీతో చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. ఆ భాషలో నాకు మాటలు చాలట్లేదు."